మూరెడు తీగ

ఖసబ్ రేవుల, చేపల సంఘం మిద్దె మీద
టేపు కనపడలే.
దాద్‌కరీం జేబులన్నీ తడుముకుంటుండు.
నేను మోచెయ్యి ఆనించి
ఇత్తడి కమ్మీ పక్కన చెయ్యి చాపిన.
మూర. ఇంకో గోరంత.
సిరిసిల్ల బట్టల దుకాణంల పదకొండేండ్లు
గుడ్డ కొలిచిన చెయ్యి ఇది.
నూట యాభై ఆరు పాయింట్ ఎనిమిది మెగాహెర్ట్జ్‌కు
పావు అల ఇంతే పొడుగుంటదని
అప్పుడు నాకెవ్వలు చెప్పలే.

ముందుగాల గాలికి ఇడువద్దు.
డమ్మీ లోడుకు కట్టి, ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్ తోటి
ట్రిమ్మర్‌ను వెంట్రుకవాసి తిప్పాలె.
ఇనుపదైతే దాని నీడకే లెక్క తప్పుతది,
కొందరి ముందట మాట తడబడ్డట్టు.

యాంటెన్నా కలిపినంక
ముల్లు మూడు కాడ మొండికేసింది.
పంపిన దాంట్ల పావు వంతు తిరిగొస్తున్నది.
కనెక్టర్ ఇప్పితే లోపల ఉప్పు, పచ్చటి చిలుము.
కోసి పారేసిన. ఎండ నలభై ఆరు,
కొత్త టంకం చల్లారనంటది.
కమ్మీ కొసను ఆకురాయితో రెండుసార్లు రుద్దితే
ఒకటింబావు.
చాలు. ఒకటి ఎవ్వలకూ రాదు.

పదహారో చానల్ల ముచ్చట పెట్టద్దు,
పిలిచి పక్కకు జరగాలె.
టెస్ట్ అన్న. అరబ్బీల అన్న.
ఎందుకో, "ఇనబడుతుందా" అన్న.

గుట్టల దిక్కు నుంచి గరగర.
అటెనుక ఏ పడవల ఎవడో
మాట లేకుంట బటన్ రెండుసార్లు నొక్కిండు.
టక్, టక్.

లాగ్‌బుక్కుల ఏం రాయాల్నని
దాద్‌కరీం నా దిక్కు చూసిండు.
టేపు వాని టోపీ కిందనే ఉండె.