అడుగు నీళ్లు

నడుము కొలవాలంటే ముందు చాప విప్పాలి.
ఫిలిమోనే లేచి నిలబడి పీచుతాడు ముడి లాగాడు.
పెళ్లికీ చావుకీ ప్రార్థనకీ ఆసుపత్రికీ
ఈ దీవుల్లో నడుముకు చుట్టుకునే అల్లిక చాప.
వాళ్లమ్మ అల్లిందట, అంచులు చీకిపోయాయి.
మడతపెట్టి కుర్చీలో పెట్టాడు,
పెద్దమనిషిని కూర్చోబెట్టినట్టు.

టేపు చుట్టూ తిప్పి తేవడానికి
అతన్ని కౌగిలించుకోవలసి వచ్చింది నాకు.
నూట ఇరవై ఆరు.
"మా ఆవిడకు చెప్పకు" అన్నాడు.
అంకె గురించో, కౌగిలి గురించో.

బీపీ ఎక్కువ. షుగరు గట్టు మీద.
కొవ్వుల్లో ఉండాల్సింది తక్కువ, ఉండకూడనిది ఎక్కువ.
విడిగా చూస్తే ఎవరిదీ పెద్ద నేరం కాదు.
అయిదుగురూ ఒకే ఇంట్లో దిగారు, అదీ సంగతి.

"నొప్పి?"
"లేదు."
"ఆయాసం?"
"చర్చిలో, మూడో చరణం దగ్గర. అక్కడ అందరికీ వస్తుంది."

చాప కింద నీరు.
మాట నోటిదాకా వచ్చి, కుర్చీ వైపు చూసి, ఆగిపోయాను.

గిర్రున తిరిగి ఆగిన గొట్టంలో
సీరం తేటగా లేదు,
కొబ్బరిపాలు నాలుగు చుక్కలు పడ్డట్టుంది.
గురువారం విమానంలో వచ్చిన రసాయనం
ఇంకా చల్లగానే ఉంది.
నేను వెతికేది ట్రోపోనిన్ని.
గుండె కండరం లోపల
బిగించడం, వదలడం చూసుకునే ప్రోటీను.
వీధిలో దానికేం పని లేదు.

పదహారు.
లీటరుకు పదహారు నానోగ్రాములు,
గ్రాములో నూరుకోట్ల వంతు, అలాంటివి పదహారు.
మూడు గంటలాగి మళ్లీ తీశాను.
ఆ మూడు గంటలూ వరండాలో కూర్చుని
మా విరిగిన బల్లకు కాలు చెక్కిపెట్టాడు.
మళ్లీ పదహారే.
పెరుగుతుంటే పరుగెత్తేదాన్ని,
అంబులెన్సో, విమానమో, ఏదో ఒకటి.
పెరగలేదు. తగ్గలేదు.
నిన్నా ఇంతే ఉండి ఉంటుంది,
మొన్నటి విందులో పాడుతున్నప్పుడూ.

ఎలా చెప్పాలో తెలియక
కాగితం అతని చేతిలో పెట్టాను.

"కారుతోందన్నమాట" అన్నాడు.
నలభై ఏళ్లుగా పడవలు కట్టేవాడు.
"పడవ అడుగున నీళ్లు చేరితే, మెలెసెయినీ,
ముందు వేలు ముంచి నాలుక మీద వేసుకుంటాం.
చప్పగా ఉంటే వాన. తోడేస్తే సరి.
ఉప్పగా ఉంటే
ఎక్కడో బల్ల సముద్రానికి దారిచ్చింది.
పడవ మూలగదు. పాపం, దానికి అలవాటు లేదు."
కాసేపాగి, "ఏ బల్ల?" అన్నాడు.

"అది రక్తం చెప్పదు.
ఉప్పుందని మాత్రం చెబుతుంది."

"అయితే నీ మిషను నాలుక నా నాలుకంతే."
చాప చుట్టుకున్నాడు. ముడి ఈసారి రెండుసార్లు వేశాడు.

శనివారం షెడ్డుకి వెళ్లాను.
మాత్రల డబ్బా మేకుల పక్కనే ఉంది,
మూత మీద రంపంపొట్టు.
ఏమీ అనకముందే
చిప్పలో నీళ్లు తోడి అందించాడు,
గట్టుమీది పాత పడవ అడుగునుంచి.
రాత్రంతా వాన.
"చెప్పు."

నాలుక మీద వేసుకున్నాను.
పడవకు పూసిన నూనె, తుప్పు, ఇంకేదో.
"తెలియడం లేదు. రెండూ ఉన్నట్టుంది."

నవ్వుతాడనుకున్నాను.
"రెండూనే" అన్నాడు.
దీపం పట్టుకుని మెల్లగా, చాలా మెల్లగా
మోకాళ్ల మీద వంగాడు.
మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకున్నాడు.
మూడో చరణం దగ్గర కాదు అది.

"మళ్లీ ఎప్పుడు వస్తావు రక్తానికి?"

జవాబు లేదు.
వేలి కణుపులతో ఒక్కో బల్లా తట్టి
చెవి ఆనిస్తున్నాడు.
నేను డబ్బా మీది పొట్టు ఊది,
మూత తిప్పి,
అతని చెయ్యి అందేచోట పెట్టాను.