కలుక్కు

డులూత్‌లో అక్టోబరు ఒకటి.
రాత్రి పదకొండింటికి గడువు.
పన్నెండని రాసుంది గాని, అది తూర్పు వాళ్ళ పన్నెండు.
మాకు గంట ముందే తలుపు పడిపోతుంది.
నిరుడు ఈ లెక్క తెలియక
ఒక కాలేజీని పోగొట్టుకున్నాను.
మిగతా నాలుగూ తెలిసే నన్ను పోగొట్టుకున్నాయి.

ఫిజిక్స్‌లో ఈ సి ఏమిటని ఫారం అడుగుతుంది.
నిజానికి అలా అడగదు. ఒక గడి ఇస్తుంది, అంతే.
ఫార్మసీ కౌంటరు వెనక రాత్రి డ్యూటీలు,
మీటకు ఆధారం ఎక్కడో గుర్తించమంటే
కునుకులో పెన్సిలు జారిపోయిన మధ్యాహ్నం
ఆ గడిలో పట్టవు.

చూసిన గంటలు: నూట పన్నెండు.
చూడటమంటే చూడటమే.
రోగిని ముట్టుకోకూడదు.
చేతులు వెనక్కి కట్టుకుని, గోడకు ఓ అడుగు ఇవతల.
తువ్వాళ్ళు మాత్రం ముట్టుకోవచ్చు.
కాపడం సంచులకు చుట్టే తెల్ల తువ్వాళ్ళు,
మూడు మడతలు వేసి, అంచు లోపలికి దోపి.
ఇంత చక్కగా మడతపెట్టేవాళ్ళు
ఈ సరస్సు ఒడ్డున ఇంకొకరు లేరంది మారిత్.
సిఫారసు ఉత్తరంలో ఆ ముక్క రాసిందో లేదో.
ఆ ఉత్తరం చదవనని నేనే సంతకం పెట్టాను.

ఎర్ల్ హాగ్లండ్. డెబ్భై ఒకటి.
ఇనుప ఖనిజం ఎత్తే రేవులో ముప్పై ఏళ్ళు.
కుడి మోకాలికి కొత్త కీలు.
మొదటి రోజు ఎనభై రెండు డిగ్రీలు వంగింది.
"ఒకటి నుంచి పది దాకా, నొప్పి ఎంత?"
ప్రతిసారీ మారిత్ అదే ప్రశ్న.
ప్రతిసారీ ఎర్ల్ అదే జవాబు: "నాలుగు."
కణతల మీద చెమట మాత్రం తొమ్మిది అనేది.

నా లోపల వేరే కొలత నడుస్తుండేది.
పిక్క పట్టేయడం. తుంటి సలపడం.
చీలమండ గుంజడం.
జబ్బ నుంచి మోచేతి దాకా తీపు.
ఎముక మధ్యలో పోటు.
అరికాల్లో తిమ్మిరి, చీమల బారు దారి తప్పినట్టు.
వీటిలో ఏది నాలుగు?

సెప్టెంబరులో ఓ మంగళవారం
మూడో మెట్టు మీద ఆయన మొహం మారింది.
నా నోరు నన్ను అడగలేదు:
"కలుక్కుమందా?"
తెలుగులోనే.
చెవులు కాలిపోయాయి నాకు.
ఎర్ల్ కమ్మీ వదలకుండా తల తిప్పాడు.
"ఏంటా మాట?"
చెప్పాను. ఉన్నట్టుండి, లోపలెక్కడో,
పుల్ల విరిగినంత,
చప్పుడు లేకుండానే చప్పుడైనట్టు.
కాసేపు మోకాలి వంక చూసుకున్నాడు.
"అదే," అన్నాడు. "సరిగ్గా అదే."

తర్వాతి వారం నొప్పి ఎంతంటే
"మూడు. పైన రెండు కలుక్కులు" అన్నాడు.
మారిత్ కంప్యూటర్లో మూడు కొట్టింది.
చెయ్యి ఆగింది.
నా వైపు తిరిగి
స్పెల్లింగ్ అడిగింది.

ఈ వృత్తే ఎందుకు?
నాలుగున్నర వేల అక్షరాలు, ఖాళీలతో సహా.
సేవ అని రాశాను, తపన అని, చిన్నప్పట్నుంచీ అని.
చిన్నప్పట్నుంచీ ఏమీ లేదు. కొట్టేశాను.
ఎర్ల్ గురించి రాశాను, పేరు మార్చి.
ఆ మాట తెలుగులో పెడితే
ఫారం మింగేసి ఖాళీ డబ్బాలు కక్కింది.
ఇంగ్లీషు అక్షరాల్లో పెడితే
కోడిపెట్ట గొణిగినట్టుంది.
అయినా ఉంచాను.

పది యాభై రెండు.
కాలువలోకి ఓడ వస్తున్నట్టుంది,
వంతెన లేచే గంట మోగుతోంది.
ఇటూ అటూ కార్లు ఆగిపోయుంటాయి,
ఎవరి సీట్లలో వాళ్ళు, ఎంతసేపో తెలియక.
నొక్కాను.
తెర మీద చక్రం తిరిగింది, ఇంకా తిరిగింది,
అందిందని మాత్రం చెప్పింది.

గంటలు నిండాయి, ఇక రానక్కర్లేదని
మారిత్ పోయిన శుక్రవారమే అంది.
సోమవారం ఏడింటికి వెళ్ళాను.
డ్రైయర్లో తువ్వాళ్ళు ఇంకా వేడిగానే ఉన్నాయి.
ఎర్ల్‌ది నూట నాలుగు.