పచ్చి అబద్ధం

ఓస్త్రావాలో, ట్రాము కీచుమని మలుపు తిరిగేచోట
నా పూల కొట్టు.
సమాధులకు చామంతులు, పెళ్లిళ్లకు గులాబీలు,
మిగతా రోజుల్లో నేనూ, రేడియో.

హావ్రానెక్ పూలు కొనడు.
టోపీ తీసి, మొక్కల ముందు గొంతుక్కూచుని
ఆకుల అడుగులు చూస్తాడు, డాక్టరు నాలుక చూసినట్టు.
"మందు కొట్టారా?"
ధర ఆ తర్వాతే.

లేదన్నాను.
హాలెండ్ లారీలో నాకొచ్చే కుండీలు
వేరు నుంచి చిగురు దాకా మందు తాగి దిగుతాయని
తెలిసే అన్నాను.
పచ్చి అబద్ధం.
ఆకు ఎంత పచ్చనో అంత.

నెలకోసారి వచ్చేవాడు.
"ఫెర్న్ ఏమైంది?"
"పీకేసింది."
"ఎవరు?"
"వాల్బుర్గా. రాత్రంతా మట్టి తవ్వి
తెల్లారేసరికి తలకిందులుగా పెట్టింది.
వెలుతురు గిట్టదు దానికి."
దానికి, అన్నాడు.
ఎంత విసిగితే పెళ్లాన్ని అలా అంటాడో అని
ఆ వేళ ఒక కుండీ ఊరికే ఇచ్చాను.

నవంబరులో అతనికి మోకాలు వాచింది.
పాకే అంజూరపు తీగ పట్టుకుని
లిఫ్టు లేని నాలుగంతస్తులు నేనే ఎక్కాను.
"వాల్బుర్గాగారు లేరా?"
గాజు పెట్టె వైపు చూపించాడు.

నా అరచేయంత సాలీడు.
నల్లటి ఒళ్లు, కీలు కీలుకీ తెల్ల పట్టీలు,
నేనిచ్చిన మనీప్లాంటు కాడని
పట్టుదారంతో నేలకి కుట్టేసి
దాని నీడలో కూచుంది, అద్దె కట్టని దొరసానిలా.
నేను రెండడుగులు వెనక్కి వేశాను.
అది ఒక కాలు ఎత్తి, ఆలోచించి, దించింది.

"ఎనిమిది కళ్లున్నా దానికి సరిగ్గా ఆనవు" అన్నాడు.
"మరి మొక్క ఎందుకు?"
"నాకు.
ముప్ఫయ్యేళ్లు బొగ్గు గనిలో దిగాను."
ఇంకేదో చెబుతాడనుకున్నాను. టీ పోశాడు.

అప్పుడు చూశాను కిటికీ గట్టు.
వరసగా నా కుండీలే.
ఒక్కోదానికీ చీటీ, పెన్సిలు రాత:
కొన్నది సెప్టెంబరు మూడు. వేళ్లు కడిగింది నాలుగు.
మట్టి మార్చింది. మళ్లీ కడిగింది.
పది వారాలు ఆగాలి.

"పురుగుల మందు చుక్క తగిలినా
కాళ్లు ముడుచుకుని పోతుంది" అని,
చెవులు ఎర్రబడి,
"మీ మాట నమ్మక కాదు" అన్నాడు.

టీ గొంతులో ఇనుప రజనులా దిగింది.
నిజం చెప్పడానికి నోరు తెరిచి
చక్కెర అడిగాను.

మర్నాడు గల్లాపెట్టె పక్కన
పదకొండేళ్లుగా దుమ్ము తప్ప ఏమీ తినని
నా మనీప్లాంటు నుంచి ఒక కణుపు కోశాను.
దోసకాయ ఊరగాయ సీసాలో నీళ్లు పోసి నిలబెట్టాను.
మొదట ఏమీ లేదు.
తర్వాత ఒక తెల్ల మొటిమ.
ఫిబ్రవరికి వేళ్లు, సన్నగా, తడుముకుంటూ.

కర్రతో వచ్చాడు.
గొంతుక్కూచోలేక వంగి, ఆకు అడుగు చూశాడు.
"మందు కొట్టారా?"
"లేదు."
అదే మాట. అదే గొంతు.
తేడా అతనికెలా తెలుస్తుంది?

చెవి మీది పెన్సిలు తీసి
సీసా మీద తేదీ రాసుకున్నాడు.