రెండడుగులు పైకి

ముందు పేరు అడుగుతారు, తర్వాత పని అడుగుతారు.
ఆర్ట్ డైరెక్టర్ని అంటాను.
"అంటే సినిమాలో కనపడేదంతా మీరే ఊహిస్తారన్నమాట!"
కాదండీ, ఊహించేది వేరే మనిషి.
నేను మేకులు లెక్కపెడతాను.

ఆవిడ పేరు నళినాక్షి. ప్రొడక్షన్ డిజైనర్.
సఖినేటిపల్లి రేవులో పంటు దిగినప్పుడు
ఆవిడ చేతిలో టేపు లేదు, పెన్సిలైనా లేదు.
వంగి, ఒడ్డున చారెడు ఒండ్రు తీసి
వేళ్ల మధ్య నలిపి, ఎండకి పట్టి చూసి
"సినిమా మొత్తం ఈ రంగు" అంది.
"పెళ్లి సీను తడి మట్టి, చావు సీను ఆరిన మట్టి."
అంతే. తిరుగు పంటు ఎక్కేసింది.

ఆ ఒక్క మాటకి
నూట పది సరుగుడు వాసాలు,
అరవై ప్లై షీట్లు, రెండు లారీల తాటాకు.
పదిహేడు డబ్బాల రంగు కలిపి కలిపి పారబోసి
పద్దెనిమిదో దాంట్లో టీ డికాషన్ పోస్తే
అప్పుడు దొరికింది ఆవిడ వేళ్ల మధ్య మట్టి.
మేనేజరు బిల్లు చూసి
"నాలుగు కేజీల టీ పొడా? ఎవడు తాగాడు?" అన్నాడు.
గోడ తాగింది.

మా నాన్న పాలకొల్లులో నాటకాలకి తెరలు రాసేవాడు.
ఇటు అంతఃపురం, తిప్పితే అడవి.
ఊహా ఆయనదే, కుంచే ఆయనదే,
తెర తాడు లాగే చెయ్యీ ఆయనదే.
ఆయన లెక్కలో నాది సగం ఉద్యోగం.
ఏ సగమో ఇప్పటికీ తేలలేదు.

లంకలో, వరద తీసిన ఇల్లు. అదీ సెట్టు.
గోడ మీద నీటి గీత
ఆవిడ బొమ్మలో హీరోయిన్ గుండెల ఎత్తున ఉంది.
నాలుగడుగుల రెండంగుళాలు. గీశాను.
దాని కింద ఇంకో మూడు, లేతగా, ఎడం ఎడంగా.
వరద వచ్చినట్టు పోదు, ఆగి ఆగి పోతుంది.
అది బొమ్మలో లేదు.
అది నాది.

కుండలు అద్దెకిచ్చిన పల్లాలమ్మ
డబ్బులకని వచ్చి గోడ ముందు ఆగిపోయింది.
"ఇదేనేటి మీ ఎనభై ఆరు?"
మునివేళ్ల మీద లేచి చెయ్యెత్తింది,
గాజులు మోచేతికి జారాయి.
వేలు ఎక్కడో గాల్లో ఆపి
"ఇక్కడ ఈదింది బాబూ మా గేదె.
నేను దూలమెక్కి చూశాను" అంది.

రాత్రి ఫోను చేశాను. "గీత రెండడుగులు లేపాలండి."
ఇటు కప్పలు. అటు హైదరాబాదు, చప్పుడు లేకుండా.
"లేపితే కిటికీ మునుగుతుంది" అంది చివరికి.
"కిటికీ మునిగితే వెలుతురు కప్పు చిల్లుల్లోంచి రావాలి.
అప్పుడు ఆ పిల్ల తలెత్తాలి.
ఇంతవరకూ సినిమాలో ఎక్కడా తలెత్తలేదు."

తెల్లారేసరికి నలభై మూడు కొత్త బొమ్మలు.
చీరలు మారాయి, లాంతరు దూలమెక్కింది,
పెళ్లి సీను కూడా కాస్త పొడిబారింది.

నేను నిచ్చెన వేసుకుని
గీతని రెండడుగులు పైకి జరిపాను.

టైటిల్స్‌లో ఆవిడ పేరు ఒక్కటే తెరంతా.
నాది ముగ్గురి మధ్య, అడుగున,
ఇంచుమించు ఆ పాత గీత ఎత్తున.
పల్లాలమ్మ పేరు లేదు.
కుండలకి రసీదు ఉంది.

మొన్న అంతర్వేది పోతుంటే
రొయ్యల చెరువు గట్టు మీద కాపలా పాక.
చూడగానే తెలిసింది, మా ప్లై.
అడ్డం షీటుని నిలువుగా కొట్టారు.
ఎనభై ఆరు వరద
నిటారుగా నిలబడి ఉంది, రంగు వదలకుండా.
దాని మీదే ఎవరో మేకు దిగ్గొట్టి
టార్చిలైటు తగిలించారు.

మేకు వంకరగా ఉంది.
బండి ఆపి,
సరిచేసి వెళ్లాను.