పెద్దమ్మ ఎత్తు

ఆంబ్రోస్ పార్డీ రెండు అరచేతులూ
వ్యాన్ ముందు భుజమ్మీద ఆనించి
ఒక్కసారి అదిమి వదిలేశాడు.
ఒకటి. రెండు. మూడు. నాలుగో ఊపుకి
తనకే సిగ్గేసినట్టు ఆగింది బండి.
"రెండో ఊపు దాటకూడదు," అన్నాడు.
"పడవైతే సరే."

బోనవిస్టాలో మార్చి నెల.
ఆరు నెలలు రోడ్డుకి ఉప్పు తినిపించాం.
తిన్న ఉప్పుకి విశ్వాసం లేదు దానికి,
మంచు కిందనుంచి వీపు లేపి, వీపు దించి
ఇరవై రెండేళ్ళ సియెన్నా మోకాళ్ళు విరిచింది.
ఎడమ స్ట్రట్ నూనె కక్కుకుంది,
పొయ్యి వెనక గోడలా ఒళ్ళంతా జిడ్డు.

కుడిది పొడిగా, బుద్ధిగా ఉంది.
"దీన్ని ఉంచేద్దామా?"
"జంటగానే మార్చాలి.
ఒక కాలికి కొత్త బూటు, ఒక కాలికి అరిగిందీ వేసుకుని
గడ్డకట్టిన చెరువు మీద నడిచి చూడు."
దానికేం రోగమని అడగబోయి
ఊరుకున్నాను.

బల్ల మీద కేటలాగ్. మూడు బొమ్మలు, మూడు ధరలు.
చవకది అన్నీ బిగించుకునే వస్తుంది,
స్ప్రింగూ, పైన టోపీ, సమస్తం;
గంటన్నరలో ఇంటికి పోవచ్చు.
రెండోది వట్టి స్ట్రట్, కంపెనీదే.
పాత స్ప్రింగుని నొక్కిపట్టి దాని మెడకి తొడగాలి.
మూడోది పచ్చగా మెరుస్తూ, రాయిలా గట్టిగా,
మా టెస్ ఈడు పిల్లల కోసం.
చవకదాని పక్కన జీవితకాలం వారంటీ అని రాసుంది.
ఎవరి జీవితకాలం? బండిదా, నాదా,
చేపల ఫ్యాక్టరీలో నా ఉద్యోగానిదా?

స్ప్రింగు మాట రాగానే ఆంబ్రోస్
ఎడమచెయ్యి జేబులో పెట్టుకున్నాడు.
ఆ చూపుడువేలికి చివరి కణుపు లేదు.
సొరచేప కొరికిందని ఊళ్ళో పిల్లలకి చెబుతాడు.
నా వేలు చవకదాని మీదికే పోయింది.

అప్పటిదాకా టీ ఊదుకుంటూ కూర్చున్న
ఎఫీ పెద్దమ్మ కప్పు దించింది.
"కొత్త స్ప్రింగుతో ఎంత లేస్తుంది?"
అతను గోడకేసి చూశాడు.
"రెండంగుళాలు. ఒక్కోసారి ఇంకాస్త."

పెద్దమ్మ కర్రని తలుపుకి ఆనించి
ముందు సీటుకి వీపు తిప్పి
కూర్చుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది.
మడమలు నేలని వదల్లేదు.
ఇన్నేళ్ళూ కుంగీ కుంగీ ఆ బండి
సరిగ్గా ఆమె తుంటి దగ్గరికొచ్చి ఆగింది.
మేమెవరం కొలవలేదు.
"నా తుంటి మార్చినప్పుడు జంటగా మార్చలేదు," అంది.
"ఒక్కటే మార్చారు.
రెండంగుళాలంటే ఏమిటో నన్నడగండి."

ఆంబ్రోస్ టార్చి తీసుకుని కిందికి దూరాడు.
స్ప్రింగుని చుట్టు చుట్టుకీ గోటితో గీరాడు.
తుప్పుంది. పగుళ్ళు లేవు.
"రెండోది," అన్నాడు బయటికొచ్చి,
జేబులోంచి తీసిన చేత్తోనే రాసుకున్నాడు.

బిగించే రోజు మమ్మల్ని గుమ్మం దాటనివ్వలేదు.
గోడకి బోల్టులు కొట్టిన ఇనుప మరలో
స్ప్రింగు కిర్రుమంటూ పొట్టిదవుతుంటే
రేడియో కట్టేశాడు.
టోపీ మీద నట్టు బిగిశాకే
నేను ఊపిరి బిగబట్టానని తెలిసింది.

ఇంటికొస్తుంటే కల్వర్టు దగ్గర గతుకు,
పేరు పెట్టి తిట్టుకునే గతుకు.
పెద్దమ్మ ముందే పైన పిడి పట్టుకుంది.
ఏమీ రాలేదు.
వేళ్ళు ఒక్కొక్కటే వదిలింది,
ఎవరో మాటిచ్చి రానట్టు మొహం పెట్టి.

రాత్రి షెడ్డులో టెస్
పాతవి రెంటినీ నిలబెట్టి కడ్డీలు నొక్కింది.
ఎడమది దిగి, దిగినచోటే ఉండిపోయింది.
కుడిది కదిలిందో లేదో తెలియలేదు,
లాంతరు పట్టుకుని కాసేపు చూసి
చలికి లోపలికొచ్చేశాం.

పొద్దున్న కట్టెల కోసం వెళ్తే
కుడిది పూర్తిగా లేచి ఉంది.
దాన్ని మళ్ళీ నొక్కలేదు నేను.