నిలబడే జంతువు

సిక్స్టెన్, తోడేలును మాత్రం తీసుకోకు.
అందంగా ఉంటుంది, కాదనను.
మంచు మీద దాని నీడ కూడా వేరేగా పరుగెత్తుతుంది.
దెబ్బకు రెండొందల నలభై.
కానీ తిరిగి రెండు తగిలితే చాలు,
పక్కకి ఒరిగి, నాలుక చాపి,
నిన్నూ ఆ రాతిరాక్షసుణ్ణీ
ముఖాముఖి వదిలేసి పోతుంది.

గుంపుగా ఆడేవాళ్లకి సరిపోతుందది.
వాళ్లకి ముందు నిలబడే మనిషుంటాడు,
వెనక మందు వేసే చెయ్యి ఉంటుంది.
మనకి?
విల్లు పట్టుకుని దూరంగా నేను,
దెబ్బలు తినడానికి ఒప్పుకున్న
నోరులేని జీవం ఒకటి.
అంతే సంసారం.

మూడు శీతాకాలాలు వెతికాను.
నిప్పుబల్లికి రంకెలెక్కువ,
శత్రువు కోపాన్ని తన మీదికి లాక్కోవడం రాదు.
దాన్ని దాటుకుని నేరుగా నా గొంతు మీదికే వచ్చేవాళ్లు.
గద్ద సంగతి ఎత్తకు, గాలిలో దీపం.
ఎలుగు మంచిదే, మాట వింటుంది,
రోజంతా వేటాడిందంతా దాని కడుపుకే చెల్లు.
ఇనుపకొమ్ముల పొట్టేలుకి
నలభై బంగారు నాణేలు పోశాను, అప్పు చేసి.
మంగళవారం అప్‌డేట్ వచ్చింది.
బుధవారానికి దాని తోలు సగానికి సగం పలచన.
పెద్దవాళ్లు తలుచుకుంటే
పొట్టేలెంత, ఊరెంత.

చివరికి బురదకప్ప.
నవ్వకు.
ఒళ్లంతా బొడిపెలు, కళ్లు రెండూ రెండు దిక్కులకి.
దెబ్బకు పదిహేడు.
పదిహేడు, పదిహేడు, పదిహేడు,
తెల్లారుజామున మెట్ల మీద గడ్డకట్టిన మంచు
ఎవరో పారతో గీకుతున్నట్టు.
మొదటి రోజు విసుగొచ్చి సగంలో కాఫీ పెట్టుకున్నాను.
తిరిగొచ్చి చూస్తే
రాక్షసుడు ఆయాసపడుతున్నాడు.
కప్ప కదల్లేదు.
నిలకడ మీద తెలుస్తుందంటారే, అదీ.

రాత్రి ఒంటిగంట దాటాక గనిలో పేలుస్తారు కదా,
మీ వీధిలోనూ కిటికీలు వణుకుతాయి కదా.
కిందటి నెల సరిగ్గా అప్పుడే
గుహలో ముగ్గురు మీద పడ్డారు నాకు.
బల్ల అదిరింది, మౌస్ జారింది,
అల్మరాలో కప్పులు పళ్లు కొరికాయి.
ఈ భవనంలో ఎనిమిది ఇళ్లు,
ఆరింటికి చెక్కలు కొట్టేశారు,
ఊరంతా తూర్పుకి జరుగుతోంది, మూడు కిలోమీటర్లు.
పైఅంతస్తులో ఇల్వా ఉండేది.
నాకు మందు వేసే చెయ్యి ఆమెదే,
నాలుగేళ్లు.
అదిరినప్పుడల్లా చీపురుకర్రతో నేల మీద రెండుసార్లు తట్టేది,
నేను బతికే ఉన్నాను, నువ్వు? అని.
కొత్త ఊళ్లో ఆమె ఇంటి గోడలు అదరవట.
పాప పుట్టింది. ఆడటం మానేసింది.

ఏం చెప్తున్నాను?
ఆ, మౌస్ దొరికేసరికి
నేను చచ్చాననే అనుకున్నాను.
చూస్తే ఇద్దరు నేల మీద.
మూడోవాడి ముందు మా కప్ప,
చావు తప్పి కన్ను లొట్టపోయి,
ఎర్రగీతంత ప్రాణంతో,
పదిహేడు,
పదిహేడు.

ఇంకో సంగతి. దాని మానాన దాన్ని వదిలేయకు.
తొమ్మిది సెకన్లకోసారి కట్టు కట్టు.
ఎనిమిదైతే మందు దండగ,
పదైతే కప్ప దండగ.

నా కొట్టంలో ఐదు గదులు.
నాలుగో దాంట్లో ఇప్పటికీ ఆ తోడేలే ఉంది.
ఒక్క యుద్ధానికీ పనికిరాదు.
ఎలుగుని అమ్ముకున్నాను గానీ దీన్ని వదల్లేదు.
పేరు ఇల్వా పెట్టింది దానికి.

నువ్వు మాత్రం కప్పనే పట్టుకో.
దక్షిణపు ఊబిలో, వాన రాత్రుల్లో తేలుతుంది,
దీపం ఆర్పేసి వెళ్లాలి.
ఆఖరి బస్సు డిపోలో పెట్టి
నేను ఇల్లు చేరేసరికి పదకొండున్నర.
ఊబి గట్టున నిలబడతాను.
దారి చూపించడానికే.
కలిసి ఆడదామని కాదు.