కంచు, ఒకటి

పార్కు గేటు తాళం నా దగ్గరుంటుంది.
పొద్దున్న అయిదుకి తీస్తాను, రాత్రి తొమ్మిదిన్నరకి వేస్తాను.
మధ్యలో దాన్ని చూస్తుంటాను.

దానికి పేరు లేదు.
ఒకప్పుడు పలక ఉండేది, ఎవరు చేశారో ఏ సంవత్సరమో చెక్కి.
హుదూద్ గాలి పలకని పట్టుకుపోయింది,
దాన్ని మాత్రం వదిలేసింది.
బాదంచెట్లు వేళ్లతో సహా పడుకున్న ఆ తెల్లారి
అదొక్కటే నిలబడుంది,
ఒంటినిండా ఆకుముక్కలు అంటించుకుని,
తలంటుకుని ఇంకా తుడుచుకోని మనిషిలా.

నాకు ఒకటిన్నర ఎత్తు.
ఒకవైపు వంపు. రెండోవైపు అనేదే లేదు.
నడుమ తల పట్టేంత కన్నం,
అందులోంచి చూస్తే
రేవు పిలుపు కోసం బయట ఆగిన ఓడల్లో
సరిగ్గా ఒక్కటి పడుతుంది.

జాలారిపేట మైలపల్లి ఎర్రయ్య టేకు చేప అంటాడు.
ఊడ్చే నూకాలు,
నెలలు నిండిన మనిషి నడుం పట్టుకున్నట్టుందంటుంది.
నడకకొచ్చే బ్యాంకు పెద్దాయన
ఏడేళ్లుగా ఒకటే మాట, డబ్బు దండగ.
పిల్లలు ఏమీ అనరు.
ఎక్కుతారు, జారతారు.

మాది బుడితి.
మైనం కరిగి వెళ్లిపోయిన చోట
కంచు వచ్చి కూర్చోవడం చిన్నప్పుడే చూశాను.
ముందు ఖాళీని చెయ్యాల్రా, గిన్నె దానంతటదే వస్తుంది
అనేవాడు మా నాన్న, కొలిమి పొగకి కళ్లు తుడుచుకుంటూ.
మా ఆవిడ ఒకసారి చూడ్డానికొచ్చి
చుట్టూ తిరిగి, కన్నంలో చెయ్యి పెట్టి
"ఇంతకీ ఇందులో ఏటి వండుతారు?" అంది.
నవ్వాను గాని, మా ఇంట్లో అది అడగాల్సిన ప్రశ్నే.

రాత్రి గేటు వేశాక వేలి కణుపుతో కొడతాను.
మోగుతుంది.
పైన ఒకలా, కింద ఒకలా,
కన్నం అంచున మాత్రం
ఎవరో గొంతు సవరించుకుని మాట మానేసినట్టు.

సముద్రం రోజూ కాస్త చిలుము పూసి పోతుంది.
ఎవరో పెద్దోళ్లు వస్తున్నారని, తళతళ్లాడాలని
ఆఫీసు నుంచి కాయితం వచ్చింది.
నూకాలు రెండు కిలోల చింతపండు నానబెట్టింది.
మధ్యాహ్నం ఫోను:
ఆ పచ్చ పోగొట్టకండి, అదే దాని రంగట.
చింతపండు మా రెండిళ్ల పులుసులోకీ పోయింది.
పిల్లలు జారే మేర మాత్రం
ఎవరూ తోమకుండానే బంగారంలా ఉంటుంది,
ఒక చీర అంచంత వెడల్పున.

ఆషాఢంలో ఒక రాత్రి రంపం చప్పుడు.
టార్చి వేశాను. గుంటడు, పదిహేనేళ్లుంటాయేమో.
పారిపోలేదు వెంటనే.
"ఏటిది తాతా?" అని నన్నే అడిగాడు,
కోస్తున్నవాడు.
నేను నోరు తెరిచి వెతుక్కుంటుంటే
గోడ దూకేశాడు, రంపం వదిలేసి.

స్టేషన్లో రైటరు పెన్ను మూత తీశాడు.
వస్తువు పేరు?
కంచు సార్.
కంచు సరే. గంటా, బొమ్మా, దేవతా?
తెలీదు సార్.
పోనీ, దేనిలా ఉంటుంది?
చేతులెత్తాను.
గాలిలో ఆ వంపు తిప్పి, కన్నం దగ్గర ఆగాను.
బల్ల పక్క కానిస్టేబుళ్లు నవ్వారు.
రైటరు నవ్వలేదు,
నా చేతుల మధ్య ఉన్నదాన్ని కాసేపు చూసి
రాసుకున్నాడు:
కంచు, ఒకటి.

కోత మీద వేలు పెడితే గోరంత దిగేది.
వానలు పోయేదాకా పనస తొన రంగు,
తరవాత టీ డికాషను,
ఇప్పుడు అంచున పచ్చ మొదలైంది.
మానిందనను. రంగు కలిసింది.

ఇవాళ ఆదివారం.
మామూలు చొక్కాలో రైటరు వచ్చాడు, పాప చెయ్యి పట్టుకుని.
"ఇదేనా?"
ఇదే సార్.
ఆయన చేతులు కొంచెం లేచి, మళ్లీ దిగాయి.
పాప అప్పటికే సగం ఎక్కేసింది.
ఎండెక్కితే కాలుద్ది సార్,
బేగి జారమనండి.